పసుపు పుట్టకొక్కు ఎక్కడ మొలుస్తుంది?

వరప్రసాదం మాస్టారు అబద్ధాలకోరు కాదు. ఏమిటని అడిగితే నిజం చెప్పేవారు. ఎప్పుడని అడిగితే నిజం చెప్పేవారు. ఎందుకని అడిగితే, అడిగినవాడు పారిపోయేదాకా నిజం చెప్పేవారు. ఎక్కడ అని అడిగితే మాత్రం ఆయన నోటి నుంచి ఏనాడూ ఒక్క నిజం వెలువడలేదన్నది అరకు లోయలోని ఊళ్ళన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి.

సత్యకుమారికి ఈ సంగతి రైలు దిగిన పూటే తెలిసివచ్చింది. ఆమె అప్పుడే లా పట్టా పుచ్చుకుని, కొండల్లో గిరిజనుల కేసులు ఫీజు లేకుండా వాదిస్తానని తండ్రితో తగువుపడి, శృంగవరపుకోటలో రైలెక్కి అరకులో దిగింది. న్యాయశాస్త్రం ఎంత చదివిందో కోపం అంతకు రెట్టింపు ఉండేది. ప్లాట్‌ఫారం చివర ఒక పెద్దమనిషి, వాన లేకపోయినా గొడుగు వేసుకుని, నేలకేసి తదేకంగా చూస్తూ నిలబడి ఉన్నారు.

"డుంబ్రిగుడ దారి ఎటండీ?"

ఆయన ఆమె ముఖం చూడలేదు. చంకలో ఉన్న ఫైలు చూశారు.

"ఇలా పట్టాల వెంబడి పోయి, గూడ్సు షెడ్డు దాటాక కుడివైపు కొండెక్కమ్మా."

ఆమె ఎక్కింది. కొండ చివర ఒక గేదెల పాక ఉంది. అందులో ఉన్న గేదెలు కూడా ఆమెను చూసి ఆశ్చర్యపోయాయి. తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగివచ్చేసరికి ఆ పెద్దమనిషి అక్కడే ఉన్నారు.

"పెద్దవారు, ఇదేం మర్యాదండీ?"

"క్షమించమ్మా. ఫైలు చూసి బోటనీ అనుకున్నాను."

"బోటనీ అయితే దారి తప్పిస్తారా?"

"బోటనీ అయితే తప్పకుండా తప్పించాలి. నువ్వేం చదివావు?"

"లా."

"అయ్యో, ముందే చెప్పొద్దూ! లా చదివినవాళ్ళు పుట్టకొక్కుల జోలికి రారు. పద, మా ఇంట్లో అన్నం తిని వెళుదువుగాని. దగ్గరే."

"ఎక్కడ?"

ఆయన చర్చి వైపు చెయ్యి చూపించి బజారు వైపు నడిచారు.

మాస్టారు మిషన్ హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆయన భార్య అంతోనమ్మగారు సత్యకుమారి కాళ్ళకు వేన్నీళ్ళు తెచ్చిపెడుతూ, ఆ ఇంటి రాజ్యాంగాన్ని ఒక్క ముక్కలో వివరించారు.

"ఆయన్ని ఏదెక్కడుందని మాత్రం అడక్కమ్మా. కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారండీ అంటే, పాడేరులో అన్నారు."

"దొరికిందా?" అన్నారు మాస్టారు పళ్ళెంలోంచి తలెత్తి, ఎంతో ఆసక్తిగా.

ఈ గుణం ఆయన్ని డాక్టరు కానివ్వలేదు. తూర్పు కనుమల్లో పసుపు పుట్టకొక్కుల జాతులు, లిల్లీ జాతులు, వాటి వైవిధ్యం, విస్తరణ అనే విషయం మీద ఆయన ఒక సిద్ధాంత గ్రంథం రాసి విశ్వవిద్యాలయానికి సమర్పించారు. వైవిధ్యం అధ్యాయం చదివిన పరీక్షకులు చేతులెత్తి దండం పెట్టారట. గుడ్డు సొన రంగు పుట్టకొక్కు, దానికంటే చిన్నదై కాషాయం తిరిగినది, బూరలా బోలుగా ఉండే నల్లనిది. తీగ కొసలతో పక్క చెట్టును పట్టుకుని పైకెక్కి, నిప్పు అంటుకున్నట్టు పూసే అడవినాభి. ఆకు రాకముందే పువ్వు తోసుకొచ్చే నక్కఉల్లి. సాయంత్రం విచ్చి తెల్లవారేసరికి వాలిపోయే తెల్లలిల్లీ. ఒక్కొక్కదాన్నీ ఆయన సొంత బిడ్డ పుట్టుమచ్చలు చెప్పినట్టు వర్ణించారు.

తరవాత విస్తరణ అధ్యాయం వచ్చింది. దాని ప్రకారం పసుపు పుట్టకొక్కు సీలేరు విద్యుత్ కేంద్రంలో టర్బైను పక్కన గుంపులుగా మొలుస్తుంది. అడవినాభి రంపచోడవరం సంతలో ఉప్పు బస్తాల మీద పాకుతుంది. తెల్లలిల్లీ గూడ్సు రైళ్ళ ఇంజను పైకప్పు మీద తప్ప మరెక్కడా కనిపించదు.

ప్రొఫెసరుగారు పాపం, నమ్మి సీలేరు వెళ్ళారు. ఆ తరవాత కబురు పంపారు: అధ్యాయం తిరగరాసి నిజమైన పటం ఒకటి జతచేస్తే డాక్టరేటు ఖాయం. మాస్టారు రాత్రింబవళ్ళు కష్టపడి, రంగులద్దిన అందమైన పటం తయారుచేసి పంపారు. అందులో గుర్తులన్నీ బంగాళాఖాతంలో ఉన్నాయి.

చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా ఆయన లొంగలేదు. చర్చి ఫాదరుగారికి పుట్టకొక్కుల కూరంటే ప్రాణం. ప్రతి శనివారం జాలీ అవతల మాస్టారు మోకరించి, "ఈ వారం కూడా అబద్ధాలు చెప్పాను ఫాదర్," అనేవారు. "చెప్పిన అబద్ధం దిద్దుకుంటేనే నిజమైన పశ్చాత్తాపం. ఒక్కటి దిద్దుకో నాయనా. ఎక్కడ మొలుస్తాయి?" అని ఫాదరుగారు ఆశగా అడిగేవారు. మాస్టారు కాసేపు అంతరాత్మతో పెనుగులాడి, "దానికి బదులు ఇంకో జపమాల శిక్ష వెయ్యండి ఫాదర్," అనేవారు. ఆ విధంగా జపమాలలు తిప్పి తిప్పి ఆయన ఎంతో పుణ్యం గడించారు.

అయితే ఆయనకు ఒక హద్దు ఉండేది. నోటిమాటగా ఎన్నయినా చెబుతారు గాని, ప్రమాణం చేసి అబద్ధం చెప్పరు. పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టవలసి వస్తుందేమోనని ఆయన పెళ్ళిళ్ళలో సాక్షి సంతకానికి కూడా వెనకాడేవారు.

ఒక వానాకాలం ఆయన్ని ఆ హద్దు దాకా నెట్టుకొచ్చినవాడు అటవీశాఖ రేంజరు సర్వేశ్వరరావు.

సంత దారిలో ఫారెస్టు గార్డు భీముడు, సోములమ్మ అనే గిరిజన స్త్రీ నెత్తిమీది బుట్ట దింపించాడు. నిండా పసుపు పుట్టకొక్కులు. కొండ మీద ఎవరూ అడుగు పెట్టకూడదని మూసివేసిన అడవి బ్లాకులో దూరి ఏరిందని కేసు రాశారు. అసలు నేరమేమిటో, సోములమ్మ తరఫున నిలిచిన సత్యకుమారి పళ్ళు కొరుకుతూ ఎన్నిసార్లు చదివినా తేలేది ఒక్కటే. సోములమ్మ తల్లి ఏరింది. అమ్మమ్మ ఏరింది. ఆ తరవాతెప్పుడో ఎవరో వచ్చి కొండ మీద రాళ్ళు పాతి, రాళ్ళకు అవతల మొలిచింది సర్కారుదన్నారు. పుట్టకొక్కుకు ఆ సంగతి తెలియక రాళ్ళకు రెండు వైపులా మొలుస్తోంది.

రేంజరు దాపరికం లేకుండానే మాట్లాడాడు. "దీనికొక్కదానికి శిక్ష పడనీ లాయరమ్మగారూ. ఆ తీర్పు పట్టుకుని కొండదారికి గేటు పెట్టిస్తాను. వచ్చే వానలకు ఒక్క బుట్ట కిందికి దిగదు."

సోములమ్మకు శిక్ష కంటే గేటు భయం ఎక్కువ. "నానొక్కదాన్నీ జైలుకెల్తే ఎల్తానమ్మా," అంది సత్యకుమారితో. "గేటెట్టేత్తే ఊరి ఆడోల్లందరూ ఏటి సేత్తారు? వానల్లో ఇంట్లో గింజ లేనప్పుడు అదే కదా మాకు కూర, అదే కదా సంతకి సరుకు."

"నువ్వు ఎక్కడ ఏరావో చెప్పు సోములమ్మా, రాళ్ళకు ఇవతలే అయితే కేసు కొట్టించేస్తాను."

సోములమ్మ చెవులు మూసుకుంది. ఆ ఊళ్ళో పుట్టకొక్కుల చోటు ఆడదాని సొత్తు. అత్త కోడలికో, తల్లి కూతురికో, ఒంట్లో కొండెక్కే ఓపిక ఉడిగాక ఒక్కసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తుంది. నోటితో చెప్పకూడదు. చెబితే మరుసటి ఏడు మొలవదని నమ్మకం. దేశంలోని సాక్ష్య చట్టం ఈ పరిస్థితిని ఊహించలేదు.

సోములమ్మ ఎక్కడ ఏరుతుందో చూసిన మనిషి లోయలో ఇంకొక్కరే ఉన్నారు. కొండా కోనా తిరిగే వరప్రసాదం మాస్టారు. సర్వేశ్వరరావు ఆ సంగతి పసిగట్టి, ఆయన్నే సర్కారు తరఫు సాక్షిగా పిలిపించాడు. సమన్లు అందిన సాయంత్రం సత్యకుమారి పరుగున వెళ్ళింది.

"మాస్టారూ, సోములమ్మ ఎక్కడ ఏరుతుందో నాకు చెప్పండి."

"రంపచోడవరం."

"మాస్టారూ!"

"పోనీ, సీలేరు."

"నేను ఆవిడ లాయర్నండీ!"

"ఆవిడకు లాయరువే. పుట్టకొక్కుకు కాదు కదమ్మా."

సత్యకుమారి బల్ల మీద గుద్దింది. "వినండి. బైబిలు మీద ప్రమాణం చేయించి అడుగుతారు. అబద్ధం చెబితే మిమ్మల్ని జైల్లో వేస్తారు. నిజం చెబితే ఆవిడను వేస్తారు. రానని మొండికేస్తే వారంటు పంపి లాక్కెళతారు. ఎక్కడా, ఎక్కడా అని ఊరంతా అడిగితే ఆడుకున్నారు. ఇప్పుడు ఏమంటారు?"

మాస్టారు లోపలికి వెళ్ళి పడుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాటికి ఒళ్ళు కాలిపోయింది.

"చూశావా అమ్మా," అన్నారు అంతోనమ్మగారు తడిగుడ్డ పిండుతూ. "ఇన్నేళ్ళు అబద్ధాలాడితే తుమ్మయినా రాలేదు. ఒక్క నిజం చెప్పాలనేసరికి జ్వరం."

మేజిస్ట్రేటుగారు డుంబ్రిగుడలో సంత రోజున, ట్రావెలర్స్ బంగళా వరండాలో క్యాంపు కోర్టు పెట్టారు. సంతకు వచ్చిన కొండ ఆడవాళ్ళు బుట్టలు దించి మెట్ల కింద బారుగా నిలబడ్డారు. మాస్టారు మెడ దాకా మఫ్లరు చుట్టుకుని, అంతోనమ్మగారితో వచ్చి, బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు.

సర్వేశ్వరరావు స్వయంగా లేచి, జప్తు చేసిన బుట్ట ముందుకు తోశాడు. "ఇవేమిటో గుర్తుపడతారా?"

ఏమిటి అనే ప్రశ్న కావడంతో మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. "గుర్తుపట్టకపోవడమేమిటి! ఇది అసలైన పసుపు జాతి. గొడుగు కింద చూడండి, ఇవి రేకులు కావు, మడతలు. కాడ మీదికి జారివచ్చాయి, చూశారా? వాసన చూడండి. ఎండినా పనసతొన వాసన పోలేదు." మేజిస్ట్రేటుగారు వాసన చూసి, మర్యాదకు తలూపి, మళ్ళీ ఇంకోసారి చూశారు. "గుగ్గిలం చెట్టు వేళ్ళతో దీనికి పొత్తు. ఆ చెట్టు ఇది లేకపోయినా బతుకుతుందేమో గాని, ఇది చెట్టు లేకుండా బతకదు."

"గుగ్గిలం చెట్లు మా బ్లాకులోనివే యువరానర్, రాసుకోండి," అన్నాడు రేంజరు సంబరంగా. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఈ సోములమ్మ వీటిని ఎక్కడ ఏరుతుంటే చూశారు?"

మాస్టారు అంతోనమ్మగారి వైపు చూశారు. సోములమ్మ వైపు చూశారు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. సత్యకుమారి ఫైలు అంచును గోళ్ళతో చింపుతోంది.

"రేంజరుగారి క్వార్టర్సు వెనక," అన్నారు మాస్టారు.

"ఏమిటీ?"

"మీ స్నానాలగది నీళ్ళు పోయే కాలవకు ఎగువన. ఇల్లు కట్టినప్పుడు కొట్టకుండా వదిలేసిన గుగ్గిలం చెట్లున్నాయి చూడండి, వాటి కింద. ఏటా తొలివానలకు. నేను కళ్ళారా చూశాను. మీరు పెరట్లో పళ్ళు తోముకుంటుంటారు, మీ వీపు వెనక ఆవిడ ఏరుకుంటూంటుంది. ఒకటి రెండు సార్లు గార్డు భీముడు ఆవిడకు బుట్ట ఎత్తాడు కూడా."

మెట్ల కింద ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. భీముడు గబగబా చెమట తుడుచుకున్నాడు. "పుల్లలనుకున్నానండి బాబూ! ఆకులు కప్పేసుంది!"

రేంజరు ముఖం కందగడ్డ అయింది. "అబద్ధం! పచ్చి అబద్ధం! యువరానర్, ఈయన ఈ లోయలోకెల్లా పేరుమోసిన అబద్ధాలకోరు!"

మేజిస్ట్రేటుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మీరు పిలిచిన సాక్షే కదండీ?"

"పిలిచానండి. నమ్మమని కాదండి! పోయినేడు అడవినాభి ఎక్కడ పూసిందని మర్యాదగా అడిగితే నన్ను సీలేరు పంపాడండి. విశ్వవిద్యాలయం ఈయన పుస్తకాన్నే తిప్పికొట్టింది. మొలిచే చోట్లన్నీ సముద్రంలో చూపించాడండి! ఈయన్ని ప్రతికూల సాక్షిగా ప్రకటించండి. లేకపోతే ఈ లోయలో ఇవి మొలిచే చోట్లన్నీ, ఒక్కటి వదలకుండా, ఇప్పుడే ఇక్కడే ప్రమాణం మీద చెప్పించండి!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

సత్యకుమారి ఆ నిశ్శబ్దం విని వెనక్కి తిరిగింది. మెట్ల కింద ఒక్క ఆడదీ కదలడం లేదు. సోములమ్మకేమవుతుందోనని వచ్చినవాళ్ళ ముఖాలు కావవి. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక ముసలామె పక్కనున్న కోడలి చెయ్యి పట్టేసుకుంది. అందరూ మాస్టారి పెదవులకేసే చూస్తున్నారు. ప్రతి ఒక్కతెకూ ఒక చోటుంది. ప్రతి చోటునూ ఈ గొడుగు మనిషి ఎప్పుడో ఒకప్పుడు చూసి, నోరెత్తకుండా దాటిపోయాడు. ఆ క్షణాన సత్యకుమారికి విస్తరణ అధ్యాయం మొదటిసారి సరిగ్గా చదివినట్టయింది. టర్బైను పక్కన మొలిచిన పుట్టకొక్కు వెనక ఒక ముసలమ్మ ఉంది. ఇంజను పైకప్పు మీది లిల్లీ వెనక ఒక కొండవాలు ఉంది. బంగాళాఖాతంలో మునిగిన గుర్తులన్నిటి వెనకా, పేరు పేరునా, మనుషులున్నారు. వాళ్ళను దాచడానికి ఈ మనిషి డాక్టరేటును వదులుకుని, వెర్రివాడనిపించుకున్నాడు.

ఆమె లేచింది. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు గాని, గొంతు మాత్రం ఖంగున మోగింది.

"అభ్యంతరం యువరానర్. ఈ కేసు సోములమ్మ మీద. లోయ మీద కాదు. ఆ ప్రశ్న ఈ విచారణకు సంబంధించినది కాదు."

"నిజమే," అన్నారు మేజిస్ట్రేటుగారు. "అడగనివ్వను."

మెట్ల కింద ఊపిరి వదిలిన చప్పుడు వరండా దాకా వినిపించింది.

"ఇక మిగిలింది స్వల్పం," అంది సత్యకుమారి. "ఈ సాక్షి నిజం చెబుతున్నారనుకుందాం. అయితే నా క్లయింటు ఏరింది రేంజరుగారి పెరట్లో. పెరడు మూసివేసిన బ్లాకులో లేదు. ఉంటే రేంజరుగారే నేరస్థుడు. సాక్షి అబద్ధాలకోరనుకుందాం. ఆ మాట రేంజరుగారే అంటున్నారు. అప్పుడు ఎక్కడ ఏరిందో చెప్పే సాక్ష్యం ఒక్కటీ లేదు. రెంటిలో ఏది కావాలో ఆయన్నే కోరుకోమనండి."

రేంజరు భీముడి వైపు గుడ్లురిమి చూశాడు. తన పెరట్లో, తన వీపు వెనక, తన గార్డు బుట్ట ఎత్తగా నేరం జరిగిందని రికార్డుకెక్కించడమా, కేసు వదులుకోవడమా?

"ఈయన అబద్ధాలకోరేనండి," అన్నాడు చివరికి నీరసంగా.

మేజిస్ట్రేటుగారు కేసు కొట్టేశారు. గేటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బయట సన్నగా జల్లు మొదలైంది. మాస్టారి జ్వరం చెయ్యి వేసి చూస్తే లేదు. "చూశావా, నిజం కక్కేసరికి జ్వరం దిగింది," అన్నారు అంతోనమ్మగారు మఫ్లరు విప్పుతూ.

"ఈ మాట నాకు ముందే చెబితే ఏం పోయేదండీ మాస్టారూ?" అంది సత్యకుమారి. దెబ్బలాడదామనుకుంది గాని, ఆయన గొడుగు అందుకుని ఆయనకే పట్టింది.

ఆయన మాట తప్పించబోయారు. అంతోనమ్మగారు తప్పించనివ్వలేదు. "ఆయన చెప్పరులే. ఓ ఏడు మైదానం నుంచొచ్చిన పండితుడెవరో అడవినాభి ఫలానా కొండ మీద ఉందని పత్రికలో వేశాడమ్మా. ఆ నెలే మందుల షావుకారు లారీ వచ్చింది. దుంప అన్నది మిగల్లేదు. కొండంతా గోతులు. ఈయన ఆ గోతుల్లో కూచుని ఏడ్చొచ్చారు."

"ఏమిటో చెబితే పువ్వుకు పేరొస్తుంది, ఎక్కడో చెబితే లారీ వస్తుంది," అన్నారు మాస్టారు, పాఠం చెప్పినట్టు. "అంతకన్నా ఏం లేదమ్మా."

ఇంతలో సోములమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చినట్టు లేదు.

"మా అత్త సోటు సెప్పేసినావు గదా మాస్టారూ! అంత మంది ముందల!"

"చెప్పాను గాని, ఎవరూ నమ్మలేదు సోములమ్మా. ఇకమీదట లోయలో ఎక్కడైనా వెతుకుతారు, రేంజరు పెరట్లో మాత్రం వెతకరు. సాక్షాత్తు రేంజరే అక్కడ లేవని కోర్టులో చెప్పాడు కదా!"

సోములమ్మ ఆలోచించింది. మూతి బిగింపు మెల్లగా సడలింది. "నిజివే," అంది. "అయినా ఆ నాటి బుట్ట అక్కడిది కాదులే."

"సోములమ్మా!" సత్యకుమారి ఫైలుతో రెండు చెవులూ మూసుకుంది. "నేను వినలేదు. నువ్వు చెప్పలేదు. నేనిక్కడ లేను."

మాస్టారి కళ్ళు మాత్రం వత్తులు వెలిగించినట్టు మెరిశాయి. "అక్కడిది కాదా? అదీ! రంగు ఒక చాయ ముదురుగా ఉందని సాక్షి బోనులోనే అనుకున్నాను. కాడ కూడా పొట్టి. ఇది వేరే జాతి కావచ్చు సోములమ్మా! నేను చూడని చోటు! ఎక్కడ? ఎక్కడిది?"

అన్నాక గాని తాను ఏ మాట అన్నారో ఆయనకు తెలియలేదు. అంతోనమ్మగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. మెట్ల కింది ఆడవాళ్ళంతా ఆగి చూస్తున్నారు.

సోములమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. మారాం చేసే పసివాడిని చూసినట్టు ఆయన్ని ఎంతో ఆపేక్షగా చూసింది.

"ఇశాపట్నం సముద్రం కాడ మాస్టారూ," అంది. "లైటవుసు మెట్ల మీద, గంపలకి గంపలు. బేగెల్లండి, రైలెల్లిపోతాది."

ఆడవాళ్ళ నవ్వు సంత దాకా పాకింది. సత్యకుమారి చెవుల మీది ఫైలు తీసి మరీ నవ్వింది. మాస్టారి ముఖం, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన జవాబు వెనక బెంచీ నుంచి విన్న బడిపంతులి ముఖంలా విప్పారింది.

"చాలా సరిగ్గా చెప్పావు," అన్నారు.